గరిటెలో మిగిలిన చుక్క

తెరేసమ్మకు ఇంగ్లీషు ముక్క రాదు గానీ కిడ్నీల పని ఎలా ఉందో చెప్పే రక్తపరీక్ష క్రియాటినిన్ అన్న మాట మాత్రం తడుముకోకుండా పలుకుతుంది. భర్త అంతోనికి కిడ్నీలు పాడైన మూడేళ్ళూ ఆ మాట వింటూనే బతికింది. ఆయన పోయి ఐదేళ్ళయింది. భవానీపురంలో ఇంటి ముందే ఇడ్లీ బండి పెట్టుకుని ఒక్కతే ఉంటోంది. ఒక్కతే అంటే ఊరుకోదు, జాకీ లేడూ అంటుంది. జాకీ అంతోని తెచ్చిన కుక్క. వాయ దిగగానే మొదటి ఇడ్లీ దానికే పడాలి. ప్లేటు పట్టుకుని నిలబడ్డవాళ్ళు మూతి ముడిస్తే ముడుచుకోనీ.

ఆ జాకీ మే నెల ఎండల్లో రెండు రోజులు వరసగా వాంతులు చేసుకుంది. ఇడ్లీ వాసన చూసి మొహం తిప్పేసుకుంది. మూడోనాడు తెరేసమ్మ బండి తియ్యలేదు. దాన్ని ఒళ్ళో పెట్టుకుని ఆటోలో బెంజ్ సర్కిల్ దగ్గరున్న కుక్కల ఆసుపత్రికి వెళ్ళింది. మూత్రం పట్టాల్సి రావచ్చు, గరిటె తెచ్చుకోండి అని ఆసుపత్రివాళ్ళు ముందే ఫోన్లో చెప్పారు కాబట్టి సాంబారు గరిటె తీసుకుంది. ఆ గరిటె మళ్ళీ బండి ఎక్కదులెండి.

డాక్టరు శ్రీదుర్గ వయసులో చిన్నది. జాకీ మెడ మీది చర్మం పట్టి వదిలి చూసింది, రక్తం తీసింది. కాసేపటికి కాగితం పట్టుకుని వచ్చింది.

"క్రియాటినిన్ కొంచెం ఎక్కువుందమ్మా. రెండు పాయింట్ ఆరు."

తెరేసమ్మ బల్ల అంచు పట్టుకుంది.

"అప్పుడే భయపడకండి. ఒంట్లో నీళ్ళు తగ్గినా ఆ అంకె పెరుగుద్ది. రక్తం ఒక్కటే చూసి కిడ్నీలు పోయాయనలేం. మూత్రం చిక్కగా ఉంటే కిడ్నీలు పనిచేస్తున్నట్టే, సెలైన్ పెడితే తేరుకుంటాడు. నీళ్ళలా ఉంటే మాత్రం కష్టం. సెలైన్ పెట్టకముందే పట్టుకురండి" అంటూ చిన్న సీసా చేతికిచ్చింది.

ఆసుపత్రి పెరట్లో వేపచెట్టు దగ్గర జాకీ కాలెత్తింది. గరిటెలో పడింది అర చెంచా. సీసాలో పోస్తే అడుగు తడిసింది, అంతే. అంతోనికి మొదటిసారి మూత్రపరీక్ష చేయించినప్పుడు ల్యాబ్ కిటికీలోంచి ఒకామె పదిమందిలో కసిరింది: "ఇంత కొంచెం తెస్తే ఎట్లా? చాలదు, పో." ఆ మాట ఇప్పటికీ చెవిలో ఉంది.

సంచిలో గుణదల మరియమ్మ గుడి నుంచి తెచ్చుకున్న దీవించిన నీళ్ళున్నాయి. ఆవిడ మూత తీసింది. సీసా నిండుతుంది, లోపల మరియమ్మ తోడూ ఉంటుంది, రిపోర్టు మంచిగా వస్తుంది అనుకుంది. కళ్ళు మూసుకుని పోసింది. ఖాళీ గరిటెను కవర్లో చుట్టి సంచిలో వేసుకుంది.

శ్రీదుర్గ సీసాలోంచి ఒక చుక్క తీసి చిక్కదనం చూసే చిన్న గొట్టంలాంటి పరికరం అద్దం మీద వేసి, వెలుతురుకు ఎత్తి చూసింది. అద్దం తుడిచి మళ్ళీ చూసింది. మొహం వాడిపోయింది.

"పల్చగా ఉందమ్మా. దాదాపు నీళ్ళే."

తెరేసమ్మకు ఏడుపు కూడా రాలేదు. అంతోని మంచం, ఉబ్బిన పాదాలు, ఆయన చివరి రోజుల వాసన అన్నీ ఒక్కసారి మీద పడ్డాయి. ఇంకోసారి అదంతా చూడటం తన వల్ల కాదు. శ్రీదుర్గ తనలో తను గొణుక్కుంటోంది: "ఒళ్ళు ఇంత ఎండిపోయిన కుక్క నీళ్ళలా పోయడమేంటి?"

నీళ్ళు. ఆ మాట చెవిన పడగానే తెరేసమ్మ సంచిని దగ్గరకు లాక్కుంది. చెబితే ఈ పిల్ల కసురుతుందేమో. మరియమ్మ నీళ్ళ వల్లే చెడిందని నోటితో అంటే పాపమేమో. చెప్పకపోతే జాకీ పోతాడేమో.

"నీళ్ళు పోశానండీ."

"ఏం నీళ్ళు?"

"గుణదల నీళ్ళు. సీసా నిండాలని..."

శ్రీదుర్గ నవ్వలేదు, కసరలేదు. "నాకు కావాల్సింది ఒక్క చుక్కేనమ్మా. ఆ గరిటె ఏదీ?"

కవర్లోంచి తీసి వంచితే అడుగునున్న తడి ఒకచోటికి చేరింది. ఒక చుక్క అయింది. శ్రీదుర్గ ఆ గొట్టం కంటికి ఆనించుకున్నంతసేపూ తెరేసమ్మ జాకీ చెవి పట్టుకుని నేలకేసి చూస్తూ నిలబడింది. జపమాలలో ఒక్క మాటా గుర్తు రాలేదు.

"చిక్కగా ఉందమ్మా! బాగా చిక్కగా ఉంది. వీడి కిడ్నీలు పనిచేస్తున్నాయి."

సెలైన్ ఎక్కించారు. సాయంత్రానికి జాకీ ఒకసారి తోక కదిపింది. తెరేసమ్మ వెక్కి వెక్కి ఏడ్చి, కొంగుతో మొహం తుడుచుకుని, ఉన్నట్టుండి అడిగింది.

"మేడమ్ గారూ, మనుషులకైనా అంతేనా అండీ? నీళ్ళు కలిస్తే పరీక్ష తప్పొచ్చుద్దా?"

"వస్తుంది కదమ్మా. ఎందుకు?"

"ఏం లేదండీ."

ల్యాబ్ కిటికీ దగ్గర తిట్లు తిన్న రోజున అంతోని మూత్రం సీసాను ఆవిడ ఆసుపత్రి కుళాయి కింద పట్టింది. తర్వాత ఇంకో రెండుసార్లు కూడా అలాగే చేసింది. చాల్లేదని మళ్ళీ ఎవరూ అనలేదు. ఆ కాగితాలు ఇంకా బీరువాలోనే ఉన్నాయి. వాటిలో ఏముందో ఆవిడకు తెలియదు, చదవడం రాదు. ఈ డాక్టరమ్మకు చూపిస్తే, తను పోసిన నీళ్ళు ఆయన పరీక్షను చెడగొట్టాయో లేదో చదివి చెబుతుంది. జాకీ తల మీద చెయ్యి వేసింది గానీ, రేపు ఆ కాగితాలు తెస్తానన్న మాట మాత్రం తెరేసమ్మ నోటివెంట రాలేదు.