పెద్ద డాక్టరు గారి వీధి తలుపు

మలుపులో తలుపులు చేసే మేస్త్రిని ఎరగనివాళ్లు ఆ చుట్టుపక్కల లేరు. ఎరిగినవాళ్లలో సగంమంది ఆయన్ని మొదటిసారి వెల్లకిలా పడుకుని చూసినవాళ్లే. తప్పు మేస్త్రిది కాదు, మలుపుది. ఎగువ నుంచి వచ్చే బండికి దిగువ నుంచి రాంగు రూటులో వచ్చే బండి కనిపించదు. రెండిటికీ కనిపించేది మేస్త్రి కొట్టు ఒక్కటే, అదీ బండి అదుపు తప్పాక.

ఎవరు పడినా మేస్త్రి ముందు అంబులెన్సుకు ఫోను చేసేవాడు. దానివల్ల ఒరిగేదేమీ లేదని తెలుసు, అయినా మర్యాద మర్యాదే కదా. అవతలి గొంతు ఎంతో నెమ్మదిగా, "మీ దగ్గర్లో గుర్తుపట్టేలా ఏముందండీ?" అని అడిగేది.

"నా కొట్టుందండీ."

"మీ కొట్టు దగ్గర ఏముందండీ?"

"మలుపుందండీ."

"ఆ మలుపు పేరేంటండీ?"

మలుపుకు పేరు పెట్టే తీరిక ఇంతవరకూ ఎవరికీ దొరకలేదు. ఇదంతా తేలాక అంబులెన్సు వచ్చినా, రోడ్డు మధ్య కట్టిన గోడకు అవతలివైపు వచ్చేది. ఇవతలికి రావాలంటే నాలుగు కిలోమీటర్లు వెళ్లి తిరిగి రావాలి. డ్రైవరు గోడ మీదుగా చెయ్యి ఊపేవాడు, మేస్త్రి కూడా ఊపేవాడు. అలా వెళ్లిన అంబులెన్సు ఒకసారి మర్నాడు వచ్చి పేషెంటు ఎక్కడని అడిగిందని పక్క టీకొట్టు ఆయన చెబుతాడు గాని, ఆయన మాటల్లో సగానికి సగం తీసెయ్యాలి.

ఆసుపత్రి మాత్రం దగ్గరే, నడిస్తే పది నిమిషాలు. మొదట్లో పడ్డవాళ్లను ఆటోలో కుక్కి తీసుకెళ్లేవాళ్లు. అక్కడ ఒక ముసలి నర్సు మేస్త్రికి గట్టిగా చివాట్లు పెట్టింది. "మనిషిని అలా మడతపెట్టి తేకయ్యా. విరగని ఎముకలు కూడా విరుగుతాయి. పడ్డవాణ్ణి పడ్డట్టే తిన్నగా తీసుకురా" అంది. తిన్నగా ఉండేవి కొట్లో తలుపులే. గోడకు ఆనించిన వాటిలో గట్టిదాన్ని ఒకదాన్ని లాగి, మనిషిని మెల్లగా దాని మీదికి జరిపి, నలుగురు నాలుగు మూలలు పట్టుకునేవారు. మేస్త్రిది ఎప్పుడూ తలవైపు మూల.

మనిషి సంగతి ఎలా ఉన్నా, వెళ్లిన తలుపు మాత్రం తిరిగి వచ్చేది కాదు. ఆసుపత్రిలో అన్నింటికీ కొరతే. స్ట్రెచర్ ఒకటుంది గాని దానికి మూడే చక్రాలు. దాన్ని కూడా గదిలో పెట్టి తాళం వేశారు. తాళంచెవి ఉన్నాయన ఎప్పుడూ సెలవులో ఉంటాడు. అందుకని మేస్త్రి తలుపుకు చేరిన రోజే అక్కడ ఉద్యోగం దొరికేది. ఒకటి చీటీలు రాసే గుమాస్తాకు బల్ల అయింది. ఒకటి ఎక్స్‌రే గది ముందు ఇటుకల మీద బెంచీగా కుదురుకుంది. ఇంకొకటి వంటగదిలో కూరలు తరగడానికి పోయింది. మేస్త్రి వెళ్లినప్పుడల్లా వాటి అతుకులు తడిమి, కులాసాగానే ఉన్నాయనుకుని వచ్చేవాడు.

మేస్త్రి భార్యకు ఇది ఒళ్లుమంట. "మనం తలుపులు అమ్ముతున్నామా, ఆసుపత్రికి కాపరానికి పంపుతున్నామా? అవతల డబ్బిచ్చినవాళ్లు గుమ్మానికి దుప్పటి కట్టుకుని కూర్చున్నారు. కనీసం ఎవరి తలుపో చూసి ఇవ్వు" అనేది. ఆవిడ నోరు ఊరుకునే రకం కాదు. పెళ్లయిన ఇరవై రెండేళ్లలో ఆవిడ మాట్లాడనిది నిద్రలోనేనని మేస్త్రి అనేవాడు. టీకొట్టు ఆయన అదీ నమ్మేవాడు కాదు. ఆ పోరు పడలేకే మేస్త్రి ప్రతి తలుపుకూ పైభాగాన సుద్దముక్కతో అది ఎవరిదో రాసిపెట్టడం మొదలుపెట్టాడు.

ఆ శుక్రవారం కొట్లో పూర్తయిన తలుపు ఒక్కటే ఉంది. అసలైన టేకు, ఏడడుగుల ఎత్తు, అంచు పొడుగునా చెక్కిన తీగ. రెండు నెలల పని. దాని నెత్తిన "పెద్ద డాక్టరు గారు, వీధి తలుపు, శుక్రవారం" అని రాసి ఉంది. ఆ ఆసుపత్రి పెద్ద డాక్టరే కొత్త ఇల్లు కట్టుకుంటున్నాడు. "దీని మీద గనక చెయ్యి వేశావో, నేను ఊరుకోను" అని భార్య ముందే చెప్పింది.

మిట్టమధ్యాహ్నం ఆవిడ క్యారేజీ పట్టుకుని రోడ్డు దాటుతుంటే ఒక వ్యాను మలుపు తిరిగింది.

చప్పుడు విని మేస్త్రి చిత్రిక పక్కన పెట్టాడు. అలవాటు కొద్దీ తువ్వాలు భుజాన వేసుకుని బయటికి వచ్చాడు. పడింది ఎవరో చూసి పరిగెత్తాడు. తొడ ఎముక విరిగి, కండ చీలి రక్తం ధారగా పోతోంది. చేతిలో క్యారేజీ మాత్రం ఆవిడ వదల్లేదు. టీకొట్టు ఆయన అప్పుడే ఫోనులో, "మలుపండీ, పేరు లేదండీ" అని మొదలుపెట్టాడు. మేస్త్రి తువ్వాలు గాయానికి అదిమి కట్టి, లోపలికి పరిగెత్తి టేకు తలుపు లాగాడు.

"అది పెద్ద డాక్టరు గారిది" అంది ఆవిడ కింద నుంచే.

"తెలుసు."

"రక్తం అంటితే పోదు."

"చిత్రిక పడతాలే."

"తీగ మీద చిత్రిక ఎలా పడతావు?"

"నువ్వు కాసేపు మాట్లాడకు."

"మాట్లాడక? ఎవరి తలుపో చూసి ఇవ్వమన్నానా లేదా?"

నలుగురూ ఎత్తారు. ఆవిడ ఐదడుగులకు తక్కువే. తల పైన బోలెడు చోటు మిగిలితే ఎవరో క్యారేజీ అక్కడ పెట్టారు. దారి పొడుగునా ఆవిడ తిడుతూనే ఉంది. తిట్లు వినబడినంతసేపూ మేస్త్రికి ధైర్యంగానే ఉంది.

దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారు. ఆసుపత్రిలో పూజారి చీటీల గుమాస్తా. మేస్త్రి చేసిన తలుపు మీదే మోచేతులు ఆనించి, "రండి మేస్త్రిగారూ, ఇవాళ ఎవరు?" అన్నాడు.

"నా భార్య."

"అయ్యయ్యో" అంటూ రిజిస్టరు తెరిచాడు. "తెచ్చినవారు మీరే. సంబంధం?"

"భర్తని."

గుమాస్తా కలం ఆపాడు. "మీకు ఎప్పుడూ 'దారిన పోయేవారు' అని రాస్తున్నాం కదండీ. ఒక్కసారిగా భర్త అంటే పైవాళ్లు అడుగుతారు. పోలీసు కాగితం కూడా రావాలి. అయినా ఈ దెబ్బ ఇక్కడ చూసేది కాదు, పెద్ద ఊరికి తీసుకుపోవాలి. అంబులెన్సు పిలిచారా?"

"పిలిచాం."

"ఎక్కడుంది?"

"గోడ అవతల."

డ్యూటీ డాక్టరు భోజనానికి వెళ్లాడు. ఆ ముసలి నర్సు రిటైరయి ఏడాది. ఉన్న ఒక్క నర్సు వచ్చి, తువ్వాలు మీద ఇంకో గుడ్డ కట్టి, కాన్పు గదిలోంచి ఎవరో కేకేస్తే పరిగెత్తింది. తలుపును వరండాలో నేల మీద దించి, నలుగురూ చుట్టూ నిలబడ్డారు. అటెండరు అటూ ఇటూ తిరుగుతూ ప్రతిసారీ "వస్తారు, వస్తారు" అని వెళ్తున్నాడు. గంట గడిచింది. గుడ్డ పూర్తిగా ఎర్రబడింది. ఆవిడ తిట్లు తగ్గుతూ వచ్చాయి. ముందు గుమాస్తాను వదిలేసింది, తర్వాత వ్యానును వదిలేసింది, చివరికి మొగుణ్ణి కూడా వదిలేసింది.

"ఆకలేస్తూ ఉంటుంది. క్యారేజీ తీసుకుని తిను" అంది మెల్లగా. ఆ తర్వాత ఏమీ అనలేదు.

మేస్త్రి పక్కన కూలబడ్డాడు. "ఏమేవ్" అని పిలిచాడు. "నన్ను తిట్టవే. ఒక్క మాట తిట్టు." ఆవిడ పలకలేదు. ఇన్నేళ్లూ ఎవరెవరినో మోసుకొచ్చి ఇదే వరండాలో దించి, తన పని అయిందనుకుని చేతులు కడుక్కుని వెళ్లిపోయేవాడు. తాను వెళ్లాక వాళ్లు ఇలాగే పడి ఉండేవాళ్లని ఆయనకు ఇప్పుడు తెలిసింది. ఏం చెయ్యాలో తోచక, ఆవిడ చెప్పింది కదా అని క్యారేజీ పైకి తీశాడు.

అటెండరు అప్పుడే టీ గ్లాసులు పట్టుకుని వస్తున్నాడు. క్యారేజీ కింద నుంచి బయటపడ్డ సుద్ద రాత మీద అతని చూపు పడింది. ఒక్కో అక్షరమే కూడబలుక్కుని చదివాడు. గ్లాసులు గలగలలాడాయి.

"ఇది అయ్యగారి తలుపా?" అన్నాడు. గ్లాసులు నేల మీద పెట్టి, మెట్ల మీద రెండేసి చొప్పున పైకి పరిగెత్తాడు.

రెండు నిమిషాల్లో పెద్ద డాక్టరు దిగాడు, ఒక కాలికే చెప్పుతో. "నా తలుపు మీద రక్తం ఏమిటి? ముందు ఈ మనిషిని దించండి" అని అరిచాడు. దించడానికి మంచం కావాలి కాబట్టి మంచం దొరికింది. మంచం దాకా చేర్చడానికి స్ట్రెచర్ కావాలి కాబట్టి తాళంచెవి కూడా దొరికింది, సెలవులో ఉన్నాడన్న ఆయన జేబులోనే. తీగ మీద ఇంకో చుక్క పడకుండా ఇద్దరు గాయాన్ని అదిమి పట్టుకున్నారు. డ్యూటీ డాక్టరు మూతి తుడుచుకుంటూ వచ్చాడు. గుమాస్తా అయితే ఎవరూ అడక్కుండానే కాగితాలన్నీ నింపేశాడు.

పెద్ద డాక్టరు వంగి ఆవిడ మెడ మీద వేలు పెట్టి చూశాడు. అంతే, ముఖం మారిపోయింది, తలుపు సంగతి మరిచాడు. చొక్కా చేతులు పైకి మడిచి, రక్తం సీసాలు తెమ్మని కేకేశాడు. చెప్పకేం, పనిమంతుడే.

"ఎప్పుడు తెచ్చారు?" అని అడిగాడు స్ట్రెచర్ వెంట నడుస్తూ.

"తలుపు వచ్చి గంటపైన అయిందండీ" అన్నాడు మేస్త్రి.

పెద్ద డాక్టరు అడుగుల వేగం పెంచాడు. మేస్త్రి వైపు చూడనూ లేదు.

సాయంత్రానికి ఆవిడ కళ్లు తెరిచింది. "తలుపు తుడిచావా?" అని అడిగింది. మేస్త్రి అందరి ముందూ వెక్కి వెక్కి ఏడ్చాడు.

ఆ తలుపు అనుకున్న ఇంటికే ఎక్కింది. తీగలో ఒకచోట నల్లటి మరక ఉండిపోయింది. చెక్కి తీసేస్తానంటే పెద్ద డాక్టరు వద్దన్నాడు.

మూడు నెలలకు ఆవిడ, తొడలో కడ్డీతో, కొట్లో స్టూలు మీద కూర్చోగలిగింది. మేస్త్రి ఒక ప్లైవుడ్ తలుపు మీద సుద్దతో రాస్తున్నాడు. ఆవిడ మెడ సాచి చదివింది.

"అది మాస్టారి బాత్రూం తలుపు కదా."

"ఔను."

"మరి పెద్ద డాక్టరు గారిదని రాస్తున్నావేం?"

మేస్త్రి పక్క తలుపు దగ్గరికి వెళ్లి అదే రాశాడు. ఆ పక్కది పశువుల పాకది, దాని మీదా అదే రాశాడు. ఆవిడ కాసేపు ఊరుకుంది. ఊరుకోవడం ఆవిడకు అది రెండోసారి.

"నీ రాత కోడి గెలికినట్టుంటుంది. ఆ అటెండరుకు కూడబలుక్కుంటే గాని చదవడం రాదు" అంది చివరికి. "ఇలా తే."

సుద్దముక్క లాక్కుని, బారెడు అక్షరాలతో రాసింది. పొద్దు గూకేసరికి కొట్లో పెద్ద డాక్టరు గారిది కాని తలుపు లేదు.

"ఆయనకున్నది ఒక్క ఇల్లు. ఇన్ని తలుపులేమిటని అడిగితే?" అన్నాడు మేస్త్రి.

"అడగనీ" అంది ఆవిడ చేతులు దులుపుకుంటూ. "అడిగేలోపు మనిషిని మంచం మీదికి చేరుస్తారుగా."