చెవితో దాటిన రోడ్డు

తలమీద చేపల తట్ట ఉన్న మనిషి తల తిప్పదు. మెడ కాస్త వంగినా తట్ట కింది చుట్టకుదురు జారుతుంది, చేపల నీళ్ళు చెంప మీదుగా కారి జాకెట్టులోకి పోతాయి. అందుకని మేము కళ్ళు ముందుకు పెట్టి, వెనకున్నదంతా చెవులకు వదిలేసేవాళ్ళం. కనకాలపేట నుంచి యానాం మార్కెట్టుకు నేనూ మా తోటికోడలూ అలాగే నడిచాం. పెళ్ళయి వచ్చిన ఏడాది నేను తట్ట ఎత్తాను, మోకాళ్ళు పోయాక దించేశాను. ఆవిడ దించలేదు.

ఆవిడ నాకంటే పెద్దది. అక్కా అని పిలిచేదాన్ని. నాకు రోడ్డు దాటడం నేర్పింది ఆవిడే. దాటేముందు ఊపిరి బిగబట్టి ఒక్క క్షణం నిలబడేది. లారీ ఎంత దూరంలో ఉందో, వస్తున్నది బస్సో ట్రాక్టరో చెప్పేది. ఆటో అయితే ఎవరిదో కూడా చెప్పేది. సైలెన్సర్ ఊడినది ఒకరిది, గేరు మారిస్తే దగ్గేది ఇంకొకరిది. నేను తొందరపడి అడుగేస్తే చెంగు పట్టి వెనక్కి లాగేది. ఒక్కసారి కూడా ఆవిడ లెక్క తప్పలేదు.

తర్వాత బ్యాటరీ ఆటోలు వచ్చాయి. ఊళ్ళో పొగ తగ్గాలని, పాత ఆటోలు ఇచ్చేసి కొత్తవి తీసుకునేవాళ్ళకు ప్రభుత్వం సాయం చేస్తుందని చెప్పారు. మా వీధిలో మొదట తీసుకున్నది మా ఎదురింటి అల్లుడు. నన్ను అత్తా అంటాడు. అది మంచి బండి. ఈ మాట నేను ఇప్పటికీ అంటాను. డీజిల్ ఆటోలో కూర్చుంటే నాకు దగ్గు ఆగేది కాదు. ఇందులో కూర్చుంటే పడవలో కూర్చున్నట్టు ఉండేది. చప్పుడే లేదు.

ఆవిడకు మాత్రం నచ్చలేదు. తట్టలోంచి నీళ్ళు కారతాయని ఎలాగూ ఎక్కించుకోరు, అది వేరే సంగతి. మోత లేకుండా వచ్చేది బండి ఎలా అవుతుందని ఆవిడ అనేది. నేను ఏడిపించేదాన్ని. ఒకరోజు నీ వెనకే వచ్చినా నీకు తెలియదు అన్నాను.

"నా చెవి దాటిపోయే బండి ఇంకా పుట్టలేదే," అంది.

అప్పటికి నేను బడి వరండాలో సాయంత్రం పూట చదువు నేర్చుకుంటున్నాను. మనవరాలి వయసు టీచరమ్మ, పలక పట్టుకున్న మా బోటి ఆడవాళ్ళు పదిమంది. అక్క దానికీ నవ్వేది. "ఇప్పుడు నేర్చుకుని ఏం చేత్తావే, కలెక్టరువి అవుతావా?" అనేది. అక్షరాలు మసకగా కనపడుతున్నాయని కళ్ళజోడు కోసం ఒక పొద్దున యానాం బయలుదేరాను. ఎదురింటి అల్లుడి ఆటోలో ముందు సీట్లో, అతని పక్కనే కూర్చున్నాను.

పేట దాటగానే ముందు ఆవిడ కనపడింది. ఎడమ అంచున, నిండు తట్టతో, ఎప్పటిలాగే నిటారుగా నడుస్తోంది. నాకు ఆవిడ అన్న మాట గుర్తొచ్చింది.

"హారన్ కొట్టకు," అన్నాను అతనితో. "పక్కనుంచి పోనీ. ఏమంటదో చూద్దాం."

అతను నవ్వాడు. హారన్ మీద నుంచి చెయ్యి తీసేశాడు.

ఆవిడ ఆగింది. ఊపిరి బిగబట్టడం నాకు వెనక నుంచే తెలిసింది, భుజాలు కాస్త పైకి లేచాయి. రోడ్డు మీద ఏ మోతా లేదు. ఆవిడ అడుగేసింది.

తట్ట మా అద్దం మీద పడింది. అతను బ్రేకు వేశాడు కానీ ఆవిడ అప్పటికే కింద ఉంది. చుట్టూ కాకులు చేరుతుంటే నేను రోడ్డు మీద పడ్డ కట్టచేపలు ఏరుతున్నానట. నాకు గుర్తులేదు, తర్వాత చూసినవాళ్ళు చెప్పారు.

తుంటి విరిగింది. కాకినాడ ఆసుపత్రిలో ఆపరేషన్ చేశారు. మూడోరోజు పోలీసు స్టేషన్ నుంచి ఒకాయన కాగితాలతో వచ్చి మంచం పక్కన కూర్చున్నాడు. ఎదురింటి అల్లుడి బండి అప్పటికే స్టేషన్లో పెట్టారు. కేసు గట్టిగా పడితే లైసెన్సు పోతుందని, బండి మళ్ళీ చేతికి రాదని అందరూ అంటున్నారు. నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను. హారన్ కొట్టొద్దన్నది నేనని చెప్పాలి. నోరు తెరిచాను కూడా. ఆవిడ నావైపు చూసింది. మెడ తిప్పి చూసింది, తట్ట లేదు కదా.

"నాకు చెవులు వినపడవండి," అంది ఆయనతో. "కొన్నాళ్ళుగా అంతే. అబ్బాయి హారన్ కొట్టే ఉంటాడు. నాకే వినపడలేదు."

ఆయన రాసుకున్నాడు. వేలిముద్ర వేయించేముందు చదివి వినిపించాలి అన్నాడు. ఆవిడ నన్ను చూపించింది. మా చెల్లికి చదువొచ్చు, అది చదువుతుంది అంది.

నేను అంతవరకు ఇంకొకరి కోసం ఏదీ చదవలేదు. కళ్ళజోడు ఇంకా చేయించుకోలేదు. కాగితం దూరంగా పట్టుకుని, వేలు పెట్టి, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ చదివాను. 'నాకు వినికిడి సరిగా లేదు' అన్న చోట ఆగిపోయాను. చదవవే అంది. చదివాను. ఆవిడ బొటనవేలు నొక్కింది. ఆటో అతనికి తిరిగొచ్చింది.

ఇంటికి తెచ్చాక పేటంతా ఆవిడను చెవిటిదాన్ని చేసింది. వచ్చినవాళ్ళు మంచం మీదికి వంగి అరిచేవారు. ఆవిడ కోడలు చేతులతో సైగలు చేసేది. ఆవిడ గోడవైపు తిరిగి పడుకునేది. ఎవరూ లేనప్పుడు మాత్రం, రోడ్డు మీద వెళ్ళేవాటిని నాకు మెల్లిగా చెప్పేది. ఇసుక ట్రాక్టరు. కాలేజీ బస్సు. గేసు బండి. ఇంకాస్త చెవి ఒగ్గి అడిగేది:

"ఇప్పుడేమైనా వెళ్ళిందేంటే?"

గుమ్మంలోంచి చూసేదాన్ని. బ్యాటరీ ఆటో మలుపు తిరుగుతూ ఉండేది. ఏమీ లేదక్కా అనేదాన్ని. రోజులో ఎన్నిసార్లు అడిగినా అదే చెప్పాను.

ఆషాఢంలో పోయింది.

ఇప్పుడు నేను రోడ్డు దాటాలంటే నిలబడిపోతాను. రెండువైపులా చూస్తాను, ఏమీ ఉండదు. అయినా కాలు కదలదు. చెంగు ఎవరో పట్టుకున్నట్టు ఉంటుంది. ఒక్కోసారి అవతలి అంచున ఆవిడ నిలబడి ఉంటుంది, తట్టతో, కళ్ళు ముందుకు పెట్టి, భుజాలు లేపి. నావైపు చూడదు. వింటూ ఉంటుంది. వినపడాల్సింది ఇంకా రాలేదన్నట్టు ఉంటుంది.

మొన్న సామాజిక భవనంలో రవాణా వాళ్ళు మీటింగు పెట్టారు. డీజిల్ ఆటోలు పూర్తిగా తీసేసి, మెట్టకూరు వైపు కూడా బ్యాటరీవే తిప్పుతామని, జనానికి ఏమైనా ఇబ్బందులుంటే చెప్పమని అడిగారు. ఎవరో పాత ప్రమాదం సంగతి ఎత్తారు. ఆఫీసరుగారు ఫైలు తిప్పి చూసి, నెమ్మదిగానే చెప్పారు. జరిగింది ఒక్కటే, అది బండి వల్ల కాదు, పాపం ఆ ముసలావిడకు చెవుడు అన్నారు. ఆయన తప్పేం లేదు. ఆ కాగితంలో ఉన్నది అదే. చదివి వినిపించింది నేనే.

మార్కెట్టు ఆడవాళ్ళు నా ముందు వరుసలో కూర్చున్నారు. పొద్దున అమ్మకం అయిపోయి ఖాళీ తట్టలు ఒళ్ళో పెట్టుకున్నారు. రేపు ఆ తట్టలు మళ్ళీ తలల మీదే ఉంటాయి. నేను లేవలేదు.

మర్నాడు ఎదురింటికి వెళ్ళాను. అతను ఆటో తుడుస్తున్నాడు. జరిగింది జరిగినట్టు అర్జీ రాస్తానని, హారన్ కొట్టొద్దన్నది నేనని రాస్తానని, నువ్వు కొట్టలేదనీ అందులో వస్తుందని చెప్పాను. నీకు మళ్ళీ ఇబ్బంది రావచ్చు అన్నాను. అతను గుడ్డ పిండి, మళ్ళీ తుడిచాడు.

"ఆవిడ ఇంటి ముందుకొస్తే ఇప్పటికీ హారన్ కొడతాను అత్తా," అన్నాడు. "లోపల ఆవిడ లేదని తెలుసు. రాయండి."

రెండు రోజులు పట్టింది రాయడానికి. ఒత్తులు తప్పాయి, మళ్ళీ మొదటినుంచి రాశాను. బండి కదిలితే సన్నగానైనా మోత వచ్చేలా చేయమని అడిగాను. తలమీద బరువున్నవాళ్ళు తిరిగి చూడలేరని రాశాను. ఆ రోజు నేనన్న మాట రాశాను. చివర, కాగితం అంచు వరకూ వచ్చేసినా, ఒక వాక్యం కుక్కాను.

రవాణా ఆఫీసులో కాగితాలు తీసుకునే అమ్మాయి శ్రద్ధగా చదివింది. చదివి, పెన్ను ఆ ఆఖరి వాక్యం కింద పెట్టింది.

"ఇది అక్కర్లేదు మామ్మగారూ. మీరు అడిగింది పైన వచ్చేసింది. కొట్టేయనా?"

నేను వంగి చూశాను. నా అక్షరాలే, వంకరగా ఉన్నాయి. 'మా తోటికోడలికి చెవులు బాగా వినపడేవి.'

"ఉండనీయమ్మా," అన్నాను.