వైజాగ్ పంపని డాక్టరమ్మ

మా మేనమామ అంబులెన్సుని ఆసుపత్రి గుమ్మం దాకా తెప్పించి, ఇంజను కూడా ఆపొద్దని డ్రైవరుకు చెప్పి మరీ పైకి వచ్చాడు. నరసన్నపేటలో బియ్యం వ్యాపారం చేసి చేసి ఆయనకు ప్రతిదీ ఒక్క మాటలో తేల్చేయడం అలవాటు. ఐసీయూ బయట కూలబడి ఉన్న నన్నూ మా తమ్ముడి భార్యనీ చూసి, "లెగండే, బయల్దేరదాం. వైజాగ్‌లో మంచం మాటాడీసేను" అన్నాడు.

లోపల ఉన్నది మా తమ్ముడు. వరినాట్లప్పుడు మొదలైన జ్వరాన్ని మాత్రలతో నెట్టుకొచ్చాడు. అది నిమ్ముగా మారి, మేం సిక్కోలు అనే శ్రీకాకుళం తెచ్చేసరికి పెదాలు నీలం తిరిగిపోయాయి. నోట్లో గొట్టం వేసి ఊపిరి మెషీన్ మీద పెట్టారు.

మా వైపు ఇది మామూలే. జబ్బు ముదిరిందని తెలియగానే చుట్టాలెవరూ ఏం వైద్యం చేస్తున్నారని అడగరు. ఇంకా వైజాగ్ తీసుకెళ్లలేదా అని అడుగుతారు. తీసుకెళ్లకపోతే మనిషి మీద ప్రేమ లేదన్నట్టే లెక్క. బళ్లో పిల్లలకు లెక్కలు చెప్పుకునే నాకు ఈ తీరు చూస్తే ఒళ్లు మండుతుంది. అయినా ఆ రోజు మావకు ఎదురు చెప్పలేకపోయాను. కారణం మా అత్త.

కొవిడ్ రోజుల్లో మా అత్తకు, అంటే ఈ మావ భార్యకు, ఆయాసం వచ్చింది. ఇక్కడి ఆసుపత్రుల్లో చూపిస్తే, మా వల్ల కాదు, వైజాగ్ తీసుకెళ్లండి అన్నారు. హైవే మీదే, అంబులెన్సులోనే పోయింది. ఒక పూట ముందు బయల్దేరి ఉంటే బతికేదని మావ ఇప్పటికీ అంటాడు. అలాంటి మనిషిని ఆగమని ఏ మొహం పెట్టుకుని చెప్పను?

ఇంతలో ఐసీయూ చూసుకునే డాక్టరమ్మ బయటికి వచ్చింది. గరివిడి అమ్మాయి. నాకంటే చిన్నది. రోజూ సాయంత్రం ఒక్కో ఇంటివాళ్లనీ కూర్చోబెట్టి, లోపల ఏం జరుగుతోందో మన మాటల్లో చెప్పేది. కొవిడ్‌లో తమవాళ్లు ఉన్నారో లేరో తెలియక జనం ఆ తలుపులు బాదడం చూశాక పెట్టుకున్న పద్ధతట. బాగుంటే బాగుందనేది, బాగులేకపోతే బాగులేదనేది. నాకు మొదటి రోజే నచ్చింది.

"మీవోడిని ఇవాళ కదపకూడదు బాబాయ్" అంది మావతో.

"ఏటమ్మా కదపకూడదు? అక్కడ పెద్ద డాక్టర్లున్నారు. ఇక్కడేటున్నాది?"

నాకు సిగ్గుతో తల వాలిపోయింది. ఆమె మాత్రం నొచ్చుకోలేదు. "ఆ పెద్ద డాక్టరే రోజూ పొద్దున్న ఫోన్లో మీవోడిని సూస్తన్నారు. కొవిడ్‌లో అక్కడ మంచాలు దొరక్క, ఇలా ఫోన్లో అడిగి అడిగి నేర్సుకున్నాం. ఆ అలవాటు మానలేదు. పంపాల్సొస్తే నేనే పంపుతాను, అక్కడ అన్నీ సిద్ధం సేయించి, మా మనిషిని తోడిచ్చి. ఇవాళ మాత్రం కాదు."

మావ అత్త సంగతంతా ఆమె ముందు కక్కేశాడు. "ఆలీసం సేసి మా ఇంటిదాన్ని సంపుకున్నాను తల్లీ. ఈడ్ని కూడా సంపుకోలేను" అన్నాడు.

ఆమె ఐసీయూ తలుపు తీసి పట్టుకుంది. "ఊపిరి బాగా అందాలంటే ఇప్పుడు మీ మేనల్లుడిని బోర్లా తిప్పాలి. లోపలికొచ్చి సూడండి. ఆ తర్వాత మాటాడుకుందాం" అంది.

మావకీ నాకూ చేతులు కడిగించి, గౌన్లు తొడిగి, మంచానికి కాస్త ఎడంగా నిలబెట్టారు. నర్సులూ ఆయాలూ మంచానికి అటూ ఇటూ చేరారు. తల దగ్గర డాక్టరమ్మే, గొట్టం పట్టుకుని. ఎవరు ఏది పట్టుకున్నారో ఒక్కొక్కరూ పైకి చెప్పారు. ఒక కుర్ర నర్సు "ఆగండి, నా వైపు సెలైన్ పైపు బిగుసుకుంది" అనగానే అందరూ ఆగారు, డాక్టరమ్మతో సహా. మా బళ్లో హెడ్‌మాస్టరుని అలా ఆగమనే దమ్మున్న టీచరు ఒక్కరూ లేరు, నేనూ అంతే. ముచ్చటేసింది.

తర్వాత తిప్పారు. పసిబిడ్డని పక్క మార్చినంత మెల్లగా తిప్పారు. అయినా ఆక్సిజన్ అంకె తొంభై దిగింది. ఎనభై దిగింది. ఏదో మోగడం మొదలైంది. మావ నా మోచెయ్యి గట్టిగా పట్టేసుకున్నాడు. వాళ్లెవరూ కంగారు పడలేదు. ఒకరు గొట్టంలోంచి కఫం లాగారు, ఒకరు మెషీన్ సరిచేశారు. అంకె నెమ్మదిగా ఎక్కి, ముందు ఉన్నదానికంటే పైకి వెళ్లింది.

మావ అంకె వైపు చూడటం లేదు. "పక్క మీద తిప్పితేనే ఇంతయితే, ఆ బండిలో అంత దూరం..." అని ఆగిపోయాడు. తర్వాత మెల్లగా అడిగాడు. "అయితే ఆలీసం అవడం కాదా తల్లీ? మా ఇంటిదాన్ని నేనే తీసుకెల్లి సంపీసేనా?"

అలా అనుకోకండి అని ఆమె దాటేయవచ్చు. ఎవరైనా అదే చేస్తారు.

"నాకు తెలీదు బాబాయ్. ఆవిడ్ని నేను సూడలేదు" అంది. "కానీ తీసుకెల్లమన్నది మా డాక్టర్లు. మీరు మాట ఇన్నారు, అంతే. ఆ రోజుల్లో నేను కూడా అలా సాలామందిని పంపీసేను, పంపితే బతుకుతారని. అది తప్పయితే మాది, మీది కాదు. అందుకే ఇప్పుడిలా పని సేస్తన్నాం."

ఒక డాక్టరు నోట అలాంటి మాట వినడం నాకు అదే మొదలు. నాకంటే చిన్న మనిషి మీద అంత గౌరవం కలగడం కూడా.

మావ కిందికి దిగి అంబులెన్సుని పంపేశాడు. ఆ తర్వాత చుట్టాలు ఫోన్ చేస్తే, "వైజాగేటి వైజాగు? డాక్టరమ్మ సెప్పినప్పుడు ఎల్తాం, ఫోనెట్టీ" అని కసిరేవాడు. అంత దిగుల్లోనూ నాకు నవ్వొచ్చేది. తమ్ముడు బతుకుతాడని మాత్రం ఎవరూ మాటివ్వలేదు. ఆమె కూడా ఇవ్వలేదు. రోజూ తిప్పారు, చూశారు, వచ్చి మాకు చెప్పారు.

చివరికి మెషీన్ సాయం తగ్గిస్తూ వచ్చి, ఒక ఉదయం గొట్టం తీసేశారు. మమ్మల్ని లోపలికి పిలిచారు. తమ్ముడు చిక్కి సగమైపోయాడు. చుట్టూ ఉన్న మెషీన్లనీ మనుషులనీ చూసి, బొంగురు గొంతుతో "మావా, వైజాగ్ తెచ్చీసేవేటి?" అన్నాడు.

"లేదురా. సిక్కోల్లోనే ఉన్నావు" అన్నాడు మావ. అత్త పోయిన రోజు కూడా కన్నీరు పెట్టని మనిషి, వాడి పాదం మీద చెయ్యేసి వెక్కి వెక్కి ఏడ్చాడు.