గడప దగ్గర తనిఖీ

నా చిన్నప్పుడు మా బాపు శ్రీరాంపూర్‌లో బొగ్గుబాయి పనికి పోయేవాడు. రోజుకు రెండు కట్టల బీడీలు కాల్చే మనిషి, బాయిలో ఉన్న ఎనిమిది గంటలూ ఒక్కటి కూడా ముట్టేవాడు కాదు. కింద గ్యాస్ ఉంటుంది, నిప్పురవ్వ పడితే అందరి ప్రాణాలూ పోతాయి. అందుకే దిగేముందు ప్రతి ఒక్కరి జేబులూ తడిమి చూసేవారు. ఆ ఎనిమిది గంటల కసీ ఇంటికొచ్చి, బీడీ మీద బీడీ కాల్చి తీర్చుకునేవాడు.

ఏడాది నిండిన మా చెల్లెకు పిల్లికూతలు. ఇంట్లో పొగ పోనిదే మందు పనిచేయదని డాక్టరు చెప్పాడు. బాపు మానాలని చూసి మూడుసార్లు ఓడిపోయాడు. నాన్నను బాపు అన్నట్టే, అమ్మను మేము అవ్వ అంటాం. ఆమె పోట్లాడే మనిషి కాదు, అలాగని ఊరుకునే మనిషీ కాదు.

ఒకరోజు బాపు డ్యూటీ దిగి వచ్చే వేళకు ఎనిమిదేళ్ళ నన్ను గడపలో నిలబెట్టింది. "బాపు జేబులు చూడు. బాయి కాడ చూసినట్టే చూడు" అంది. ఆ రోజు నా ముఖంలోని గాంభీర్యం తలచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. బాపు కూడా నవ్వుతూ, అలవాటు కొద్దీ రెండు చేతులూ పైకెత్తాడు. దారిలో కొన్న బీడీల కట్టా, అగ్గిపెట్టే దొరికాయి.

చెల్లెను ఎత్తుకుని వచ్చిన అవ్వ మెల్లగా అంది: "బాయిలకు అగ్గిపుల్ల గూడ తీస్కపోవు, ఆడ నలుగురి పానాలున్నయని. మరి ఈడున్నది పానం గాదా?"

బాపు ఎత్తిన చేతులు చాలాసేపు దించలేదు.

అంతటితో మానేశాడంటే అబద్ధమవుతుంది. ప్రతిదానికీ చిరాకుపడేవాడు. బీడీ గుర్తొస్తే బెల్లం ముక్క నోట్లో వేసుకునేవాడు. వారం తిరక్కముందే, నా రోజువారీ తనిఖీలో తలరుమాలు మడతలో ఒక బీడీ దొరికింది. నేను ఏడ్చేశాను. బాపు నా ముందు కూర్చుని, "ఇయ్యాల నీకు దొరికిపోయిన, బిడ్డా. రేపు గూడ చూడు, ఇడ్సిపెట్టకు" అన్నాడు.

నేను విడిచిపెట్టలేదు. కొన్ని నెలలకు ఆయన పొద్దుటి దగ్గు తగ్గింది. చెల్లె రాత్రిళ్ళు హాయిగా నిద్రపోయేది. ఒకనాడు బాపు కూరలో ఉప్పెక్కువైందన్నాడు. ఇన్నేళ్ళకు నాలుకకు రుచి తెలిసిందని అవ్వ మురిసిపోయింది.

ఈమధ్య నాకు చక్కెర జబ్బు వచ్చింది, మిఠాయిల మీద మనసు మాత్రం చావలేదు. బజారు నుంచి రాగానే గడప దగ్గర ఆగి, మనవరాలి ముందు చేతులెత్తి నిలబడతాను. చిన్నపిల్ల ముందు అలా నిలబడటానికి బాపుకు మా మీద ఎంత ప్రేమ ఉండాలో, ఆ పిల్ల నా సంచి వెతుకుతున్నంతసేపూ తెలుస్తూనే ఉంటుంది.