కట్ట దిగి చూసే మా వియ్యంకుడు

మా వియ్యంకుడు పోయాడని పొద్దున్నే ఫోను వచ్చింది. ఎత్తింది మా అబ్బాయి. వాడు వంటింటి వైపు చూశాడు. అక్కడ మా కోడలు పిల్లలకు పాలు కలుపుతోంది. పోయింది ఆమె నాన్న.

కరోనా రెండోసారి విరుచుకుపడ్డ రోజులవి. ఏ సందులో విన్నా అంబులెన్సు మోతే. ఆస్పత్రి నుంచి శవాన్ని ఇంటికివ్వలేదు. సూరత్‌లోనే, అడాజన్‌లో ఉండే ఆయన కొడుకు ఒక్కణ్ణే దూరం నుంచి చూడనిచ్చారు. ఊరికి ఇటు పక్క పర్వత్ పాటియాలో మేమంతా గది మధ్యలో నిలబడి, ఎటు తిరిగి దండం పెట్టాలో తెలియక, తాపీ నది ఉన్న దిక్కుకు పెట్టాం.

అంతకు ముందే ఆయన ఆస్పత్రి మంచం మీంచి నాకు ఫోన్ చేశాడు. మాటకూ మాటకూ మధ్య ఆగి ఊపిరి తీసుకుంటున్నాడు.

"బావా, మత్తడి మీద బల్లలు తీసేసిండ్రా?"

"ముందు నీ ఊపిరి సంగతి చూసుకో. ఆ డ్యామ్ ఏమన్న నీ అయ్య కట్టిచ్చిండా?"

"వానలు దగ్గరికొచ్చినయి. జర నువ్వు పోయి చూసి రా."

"నువ్వు లేచి రా, ఇద్దరం పోదాం. నీ గొడుగు నేనే పట్టుకుంట."

నవ్వబోయి దగ్గాడు. మా ఇద్దరికీ అదే ఆఖరి మాట.

ఆయన తెలంగాణలో చెరువులూ కాలువలూ చూసే ఓవర్సీరుగా పనిచేసి, రిటైరయ్యాక కొడుకు దగ్గరికి సూరత్ వచ్చాడు. నేను నాలుగో తరగతిలో బడి మానేసి, ఇక్కడ సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, చీరలు నేస్తూనే ముసలివాణ్ణయ్యాను. వియ్యంకుల మధ్య పరాచికాలకు హద్దుండదని మీకు తెలుసు. నాకు దారిన పోయేవాళ్ళతోనే హద్దుండదు, ఇక వియ్యంకుడు దొరికితే వదులుతానా? "అడాజన్ సాబు" అని పిలిచేవాణ్ణి. ఎండైనా వానైనా ఆయన చేతిలో నల్ల గొడుగు ఉండాల్సిందే. ఒంటి మీద లేత నీలం పొడుగు చేతుల చొక్కా తప్ప ఇంకోటి చూసి ఎరగను. "ఒక్క తానంతా నువ్వే కొన్నవా బావా?" అని అడిగేవాణ్ణి. ఆ చొక్కాలన్నిటికీ ఎడమ జేబు కళ్ళద్దాల డబ్బా బరువుకు సాగి వేలాడుతుండేది.

మా పిల్లల పెళ్ళిలో వడ్డన మొదలయ్యే వేళకు వచ్చి, వాన పడితే నీళ్ళు ఇటే వస్తాయని బంతి మొత్తాన్ని లేపి అవతలికి మార్పించాడు. ఒక్క చినుకు పడలేదు. అప్పట్నుంచీ ఎక్కడ విస్తరి వేసినా, "సాబును అడుగుండ్రి, నీళ్ళు ఎటుకెల్లి వస్తయో" అని మొదలుపెట్టేవాణ్ణి. ఆయన కోపం తెచ్చుకునేవాడు కాదు. రుమాలు తీసి కళ్ళద్దాలు నిదానంగా తుడుచుకుని, "రాలేదు. మంచిదే కద బావా" అనేవాడు.

సూరత్ దాటి పల్లెల వైపు పోతే ఒక చిన్న డ్యామ్ ఉంది. డ్యామంటే పెద్దగా ఊహించుకోకండి. వాగుకు అడ్డంగా మట్టికట్ట, నీళ్ళలో తొక్కుడు పడవలు, గట్టు మీద కాల్చిన మక్కకంకులు. సరదాకి పోయే జాగా. కార్ఖానా సెలవు రోజున టెంపో మాట్లాడుకుని అందరం పోయేవాళ్ళం. మేము నీళ్ళ దగ్గర కూర్చుంటే ఆయన గొడుగు వేసుకుని కట్ట అవతలి వైపు కిందికి దిగేవాడు. అక్కడ చెరుకు తోటలు, పాడుబడ్డ పశువుల కొట్టాలు తప్ప ఏమీ లేవు.

"ఆడ ఏం చూస్తవు బావా? నీళ్ళు గిటున్నయి," అని పైనుంచి అరిచాను ఒకసారి.

"గీ డ్యామ్ ఏ తరగతిదో చూస్తున్న."

"నా తీరు నాలుగో తరగతే కావచ్చు. పైకి రా, కంకి సల్లారుతుంది."

పైకి వచ్చి కంకి వలుస్తూ చెప్పాడు. నాకు అర్థమైనంత మీకు చెబుతాను. డ్యాములకు ప్రమాదాన్ని బట్టి తరగతులు ఉంటాయట. అది కట్ట గట్టిదా కాదా అని చూసి వేసేది కాదట. తెగితే కింద ఎవరి ప్రాణం పోతుందని చూసి వేస్తారట. కింద ఎవరూ లేకపోతే తక్కువ తరగతి, ఎప్పుడో ఒకసారి వచ్చి చూస్తే చాలు. మనుషులుంటే పై తరగతి. అప్పుడు వానలకు ముందే తనిఖీ చేయాలి, మత్తడి సాఫుగా ఉంచాలి, ఆపదొస్తే కిందివాళ్ళకు వినబడేలా సైరను పెట్టాలి. మత్తడి అంటే ఎక్కువైన నీళ్ళు పొర్లిపోయే దారి. ఇక్కడ పడవలు బాగా తిరగాలని దానికి అడ్డంగా రాళ్ళు పేర్చి, పైన ఫలహారాల బల్లలు వేశారు. తక్కువ తరగతి కదా, ఎవరూ పట్టించుకోలేదు.

"కట్ట ఎంత గట్టిదో తర్వాత. కింద ఎవరు పండుకుంటున్నరు, అది ముందు చూడాలె," అన్నాడు. ఆ మాట ఆయన నోట చాలాసార్లు విన్నాను.

లాక్‌డౌన్ వచ్చింది, సాంచాలు ఆగిపోయాయి. సూరత్ భేస్తాన్‌లో కిరాయి కట్టలేక గదులు ఖాళీ చేసిన మన తెలంగాణవాళ్ళు కొందరు, ఊరికి పోయే దారి లేక కట్ట కింది ఆ పశువుల కొట్టాల్లో తలదాచుకున్నారు. పొలం రైతు పాపం ఉండనిచ్చాడు. తర్వాత రైళ్ళు తిరిగినా పని సరిగ్గా దొరక్క అక్కడే ఉండిపోయారు. నా పక్క సాంచా నడిపినవాడి భార్య కూడా అందులో ఉందని తెలిసి బియ్యం ఇచ్చి వచ్చాను. ఆ సంగతి చెబితే మా వియ్యంకుడు తింటున్న కంచం పక్కకు జరిపాడు.

"పిల్లలున్నరా?"

"ఉన్నరు."

"అయితే తరగతి మారాలె."

మాస్కు మీద మాస్కు కట్టుకుని సర్కారు దఫ్తర్ల చుట్టూ తిరిగాడు. చివరికి జీపులో సర్వేయరు వచ్చాడు. కింద ఎవరూ లేరని చెప్పి వెళ్ళిపోయాడు. జీపు కనబడగానే వాళ్ళు పొయ్యిలు ఆర్పి, తాడు మీది బట్టలు లాక్కుని, పిల్లలతో సహా చెరుకు తోటలో దాక్కున్నారు మరి. ఆ రోజుల్లో సర్కారు బండి వస్తే ఖాళీ చేయిస్తారని ఒక భయం, కరోనా వార్డుకు ఎత్తుకుపోతారని ఇంకో భయం.

ఆయన నన్ను వెంటబెట్టుకుని వెళ్ళి, కొట్టం ముందు నిలబడి తరగతుల సంగతంతా వివరించాడు. నా పక్క సాంచావాడి భార్య అంతా విని నా వైపు తిరిగింది.

"కాకా, ఈ సారు మమ్ముల ఎల్లగొట్టనీకి వచ్చిండా?"

"లేదు బిడ్డా, మా వియ్యంకుడు. వాన మొగులు జూస్తేనే బుగులు వడే మనిషి. పెండ్లిల నా ముందటి విస్తరి గుంజుకపోయిండు."

ఆమె కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. తర్వాత ఆయన్నే అడిగింది.

"మమ్ముల రాసుకుంటె ఏమొస్తది సారూ?"

"ఇప్పుడు మీరు లేనట్టే తల్లీ. లేనోళ్ళ కోసం ఎవ్వరు సైరన్ పెట్టరు."

"రాసుకున్నంక లేచి పొమ్మంటే?"

ఆయన గొడుగు మూశాడు. "అనరని మాటియ్యలేను. అంటే మాత్రం నేనొచ్చి మీ పక్కన కూసుంట. మీరు జీపుకు కనబడకుంట దాక్కుంటరు. నీళ్ళకు కనబడకుంట దాక్కునుడు మీ తోని కాదు తల్లీ."

ఆమె ఉత్త తాడు వైపు చూసింది. "ఇంతకాలం చీరలు నేసినోళ్ళం బిడ్డా. ఉన్నమని చూపియ్యనీకి మనకు చీరలు కరువా? ఉన్నయన్ని ఆరెయ్యి," అన్నాను.

మళ్ళీ జీపు వచ్చిన రోజున ఎవరూ దాక్కోలేదు. కొట్టం నుంచి కొట్టానికి తాళ్ళు కట్టి ఉన్న చీరలన్నీ వేశారు. కట్ట మీంచి చూస్తే పచ్చగా, ఎర్రగా రెపరెపలు. సర్వేయరు, "అరే కాకా, యహా తో పూరా మొహల్లా హై!" అన్నాడు, ఇక్కడ ఒక పేటే ఉందే అన్నట్టు. మా వియ్యంకుడు రుమాలు తీసి కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. చాలాసేపు తుడుస్తూనే ఉన్నాడు.

అప్పుడప్పుడే ఎండలు ముదురుతున్నాయి. కొన్నాళ్ళకే ఆయనకు జ్వరం వచ్చింది.

డ్యామ్ తరగతి మారిందన్న కబురు ఆయన దినం అయిపోయాక తెలిసింది. ఎవర్నీ లేచి పొమ్మనలేదు, ఇప్పటివరకైతే. మా కోడలు వాళ్ళ నాన్న చొక్కాలు ఉతికి, ఇస్త్రీ చేసి, మూట కట్టింది. "మామా, ఇవి కట్ట కిందోళ్ళకే ఇయ్యుండ్రి," అని ఇంకేమీ అనలేక లోపలికి పోయింది. మూట పంపించాను గానీ వెంటనే వెళ్ళడానికి నాకు కాళ్ళు రాలేదు.

గట్టి వానలు పడ్డాక వెళ్ళాను. ఆయన గొడుగు పట్టుకునే వెళ్ళాను. మత్తడి మీద బల్లలు లేవు, రాళ్ళు లేవు. నీళ్ళు అడ్డం లేకుండా దూకుతున్నాయి. కొట్టాల పక్కన సైరను స్తంభం తడిసి మెరుస్తోంది. చుట్టూ జనం నీళ్ళు చూస్తున్నారు. నేను అవతలికి తిరిగి కిందికి చూశాను. వాన అప్పుడే వెలిసింది. తాడు మీద చీరల మధ్య ఒక లేత నీలం చొక్కా. ఎడమ జేబు సాగి వేలాడుతోంది.

"తీసేసిండ్రు బావా," అన్నాను.

గాలి వచ్చినప్పుడల్లా ఆ చొక్కా చెయ్యి ఒకటి పైకి లేచి, మెల్లగా కిందికి వాలుతోంది.