తొడ ఎముక

తొంభైల్లో మాట. మెడిసిన్ మొదటి సంవత్సరం సెలవులకు ఎముకల సంచీతో అవనిగడ్డ దగ్గర మా ఊరు వెళ్లాను. వరండాలో అనాటమీ చదువుతుంటే అమ్మ వచ్చి పక్కన కూర్చుంది.

"ఎవరివే ఇవి?"

"తెలీదమ్మా. ఎవరూ తీసుకెళ్లని శవాలవట."

"మగమనిషివేనా?"

అవునన్నాను.

నా పసితనంలోనే నాన్న ఉప్పెనలో కొట్టుకుపోయారు. శవం దొరకలేదు. కృష్ణలో కలుపుదామన్నా అస్థికలు లేవు.

అమ్మ తొడ ఎముకను కొంగుతో తుడిచి, తన తొడకు ఆనించి చాలాసేపు చూసింది.

"మీ నాన్న ఇంకా పొడుగులే" అంటూ దాన్ని సంచీలో పెట్టేసింది.

అంతవరకు ఆ సంగతి నాకెవరూ చెప్పలేదు. అనాటమీ అంటే శరీర నిర్మాణ శాస్త్రమని పుస్తకంలో ఉంది. నాకు మాత్రం ఆ మాట వింటే నాన్న పొడగరి అని గుర్తొస్తుంది.