ఇచ్చోడ మిద్దె మీది యాంటెన్నా

ప్రణతి పేరు వింటేనే నూరీన్‌కు ఒళ్లు మండేది. పోనీ ఆ పిల్ల చేసిన పాపమేమన్నా ఉందా అంటే, ఏమీ లేదు. అదే అసలు కడుపుమంట!

నూరీన్ భైంసా పత్తి వ్యాపారి కూతురు. ఆమె, ప్రణతి ఇద్దరూ కరీంనగర్ కాలేజీలో పరిశోధకులే. ఉపగ్రహం పంపే సిగ్నల్ గాలిలోని తేమ వల్ల రవ్వంత ఆలస్యంగా వస్తుంది. ఆ ఆలస్యాన్ని కొలిస్తే పైన ఎంత తేముందో తెలుస్తుంది. నక్షత్రాల సంకేతాలు పట్టే రేడియో టెలిస్కోపులకూ ఇదే తలనొప్పి. అందుకే, ఎవరి కొలతలు వాతావరణ బెలూన్ల కొలతలతో సరిపోతే వాళ్లను టెలిస్కోపు కేంద్రానికి పంపుతానన్నారు వాళ్ల గైడు కిషన్‌రావు సారు. పంపేది ఒక్కరినే.

ఆ సిగ్నల్ పట్టే ప్రణతి యాంటెన్నా కాలేజీ మీద ఉంది. కొలతలు అచ్చు గుద్దినట్టు సరిపోయాయి. నూరీన్‌ది ఇచ్చోడ ఊళ్లో శంకరవ్వ అనే ముసలమ్మ ఇంటి మిద్దె మీద. బయట ఎండలు మండిపోతుంటే అదేమో వానాకాలమంత తేమ చూపిస్తోంది!

"దొంగలెక్కలు రాస్తుందామె," అంది నూరీన్ చెల్లెలితో.

"నువ్వు చూసినవా ఆపా?" అంది సాదియా.

"చూడాల్నా? మొఖం చూస్తే తెలుస్తలేదా!"

ఓరోజు ప్రణతే ఫోన్ చేసింది. "నూరీన్, నీ యాంటెన్నా మీద తడేమన్న ఉంటుందేమో, జర పోయి చూడు."

"నా ఫికర్ నీకెందుకు? నీది నువ్వు చూసుకో!"

ప్రణతి మాట విన్నట్టవుతుందని నూరీన్ అటువైపే పోలేదు. చివరికి సారే ఇద్దరినీ వెంటబెట్టుకుని ఇచ్చోడ పోయారు. మిద్దె ఎక్కితే ఏముంది! యాంటెన్నాకు తడి గోనెసంచి చుట్టి ఉంది, పక్కనే చెంబుతో శంకరవ్వ.

"ఎండకు ఖరాబైతది, పైలమని నువ్వే జెప్పినవ్ గద బిడ్డా. నీళ్లకుండకు జుట్టినట్టు జుట్టిన," అంది ముసలమ్మ.

ఇంక ఆమెనేమంటాం! గోనెలోని తడినే పరికరం ఆకాశంలో తేమగా లెక్కగట్టింది. సారు నిట్టూర్చి, ప్రణతినే పంపుతానన్నారు.

"సార్, గోనె తీసినంక కొలతలు గూడ చూడుండ్రి. గవి సరిగొస్తే నూరీన్‌నే పంపుండ్రి. గింత ఎండల ఊర్ల కొలిసింది ఆమెనే," అంది ప్రణతి.

నూరీన్ ఇన్నాళ్లూ దొంగ దొంగ అనుకుంటూ హాయిగా కుళ్లుకుంది. ఇప్పుడు ఆ ఆసరా కూడా పోయింది.

కొలతలు సరిపోయాయి. సారు నూరీన్‌నే పంపారు. బస్టాండుకు ప్రణతి ఆమె కోసం సద్ది కట్టుకుని మరీ వచ్చి, "మంచిగ పోయి రా," అంది.

గెలిచింది నూరీనే. అయినా కళ్లలో నీళ్లు తిరిగాయి.

"గంత మంచిగ ఎట్లుంటవే నువ్వు?" అంది, నిజంగానే ఓర్వలేక.